కారు ఏసీకి ముందు గాలి, ఆ తర్వాతే గ్యాస్

ఏప్రిల్ దాటాక తర్లుపాడు, మార్కాపురం, గిద్దలూరు వైపు కారు ఏసీ సరిగా చల్లబరచడం లేదని షెడ్డుకు తీసుకెళ్తే, తరచూ మొదట వినిపించే మాట "గ్యాస్ తగ్గినట్టుంది, నింపుదాం". బండి యజమాని కూడా సరేనంటాడు. ఈ వరస తలకిందులుగా ఉంది. మండుటెండలో ఏసీ చేతులెత్తేసినప్పుడు ముందు అనుమానించాల్సింది వేడిని బయటికి పంపే భాగాన్ని. గ్యాస్ వంతు ఆ తర్వాతే.

ఏసీ చేసే పనల్లా కారులోపలి వేడిని లాగి బయట పారేయడం. డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్లో గ్యాస్ ఆవిరవుతూ లోపలి వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి, రేడియేటర్ ముందుండే కండెన్సర్‌కు పంపుతుంది. అక్కడ అది వేడిని గాలికి వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. బయటి గాలికన్నా కండెన్సర్ బాగా వేడిగా ఉంటేనే వేడి బయటికి పోతుంది. బయట 44 డిగ్రీలున్నప్పుడు కండెన్సర్‌లో గ్యాస్ 60 డిగ్రీల దాకా వేడెక్కాలి. మన కార్లలో ఎక్కువగా వాడే ఆర్-134ఏ అంత వేడిలో ద్రవం కావాలంటే సుమారు 230 పీఎస్ఐ ఒత్తిడి కావాలి. కండెన్సర్ రెక్కల మధ్య గాలి ఆడకపోతే ఆ ఒత్తిడి ఇంకా పెరిగి, చివరికి ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. ఎండలో ఏసీ ఉండుండి కట్ కావడానికి ఇదొక ముఖ్య కారణం.

ఒంగోలు తీరంలో ఏసీ కష్టం వేరు. అక్కడి ఉక్క గాలిలోని తేమను నీళ్లుగా మార్చడానికే కూలింగ్ కాయిల్ బలం కొంత పోతుంది. కారు కింద ధారగా కారే నీళ్లు అవే. మార్కాపురం, గిద్దలూరు వైపు మే నెల గాలి పొడిగా ఉంటుంది కాబట్టి లోపలి కాయిల్‌కు ఆ భారం తక్కువ. ఇక్కడ బరువంతా కండెన్సర్ మీదే పడుతుంది. దానికి తోడు దుమ్ము. మార్కాపురం చుట్టూ పలకల గనులు, ఫ్యాక్టరీలు. బూడిద రంగు పలకపొడి, మట్టిరోడ్ల దుమ్ము, ఎండు గడ్డి, రాత్రి ప్రయాణంలో కొట్టుకునే పురుగులు అన్నీ ఆ సన్నటి అల్యూమినియం రెక్కల్లో ఇరుక్కుంటాయి. ముందునుంచి చూస్తే శుభ్రంగానే కనిపించవచ్చు. కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులోకి టార్చి కొట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

తేడా పట్టడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు చల్లగా ఉండి, రైల్వే గేటు దగ్గర ఆగగానే వెచ్చబడితే ముందు గాలినే అనుమానించాలి. వేగంలో ఎదురుగాలి చేసే పనిని, ఆగినప్పుడు ఫ్యాన్ చేయాలి. ఏసీ వేశాక ఆ ఫ్యాన్ తిరుగుతోందా, పూర్తి వేగం అందుకుంటోందా చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా గ్రిల్ ముందునుంచి కండెన్సర్ మీద నీళ్లు చిలకరిస్తే కాసేపట్లో లోపల చల్లబడిందంటే, వేడి బయటికి పోవడంలోనే లోపమని దాదాపు తేలినట్టే. కడిగేటప్పుడు బండి ఆపి, చల్లారనిచ్చి, మామూలు పైపు నీళ్లతో వీలైతే వెనకనుంచి ముందుకు కడగాలి. సర్వీసింగు సెంటర్ల ప్రెషర్ గన్ను దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోయి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

"గ్యాస్ నింపిస్తే నిజంగానే చల్లబడింది కదా" అంటారు. నిజమే. ఏళ్ల తరబడి రబ్బరు పైపుల నుంచి, సీళ్ల నుంచి గ్యాస్ కొద్దికొద్దిగా ఊరిపోతుంది. రాయి తగిలి కండెన్సర్‌కు చిల్లు పడవచ్చు కూడా. కానీ అది వాడకంలో కరిగిపోయే సరుకు కాదు. ఏటా నింపాల్సి వస్తోందంటే ఎక్కడో లీకుంది. దాన్ని పట్టకుండా నింపితే డబ్బు గాలిపాలే. ఆ గాలికీ చేటే: కిలో ఆర్-134ఏ వందేళ్ల లెక్కలో సుమారు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. ఇలాంటి వాయువులను తగ్గించుకుంటూ పోవాలన్న 2016 కిగాలీ ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది. పైగా గ్యాస్ ఎక్కువైనా చెరుపే. ద్రవం కండెన్సర్‌లో నిలిచిపోయి, వేడి వదలాల్సిన జాగాను ఆక్రమిస్తుంది.

చిన్న కారు ఏసీ ఇంతేనని సరిపెట్టుకునేవారూ ఉన్నారు. మధ్యాహ్నమంతా ఎండలో నిలిపిన కారులో సీట్లు, డ్యాష్‌బోర్డు నిప్పులా కాలి ఉంటాయి. వాటిని చల్లార్చడానికి ఏ కొత్త ఏసీకైనా సమయం పడుతుంది. మొదట అద్దాలు దించి నిమిషం రెండు నిమిషాలు నడిపి, ఆ వేడిగాలి పోయాక అద్దాలెక్కించి రీసర్క్యులేషన్ పెడితే పని సగం తేలికవుతుంది. గిద్దలూరు దాటి నంద్యాల ఘాట్ ఎక్కేంత దూరమైతే మధ్యమధ్య బయటి గాలిని రానివ్వాలి, లేకపోతే మూసిన కారులో మత్తుగా అనిపిస్తుంది.

ఇవన్నీ చూశాకా చల్లదనం రాకపోతే అప్పుడు గ్యాస్. బండి ఆపి ఉండగా గేజి చూపే ఒత్తిడి ఆనాటి వేడిని బట్టి ఉంటుంది. గ్యాస్ ఎంతుందో దాన్నిబట్టి చెప్పలేం. ముందు లీకు పట్టి బాగుచేయాలి. పాత గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా యంత్రంతో తీసి, వాక్యూమ్ పట్టి, చాలా కార్లలో బానెట్ కింద స్టిక్కరు మీద ఉండే బరువు ప్రకారం కాటా పెట్టి ఎక్కించాలి. ఎన్ని గ్రాములు ఎక్కించారో బిల్లు మీద రాయమని అడగండి.