రెండు సముద్రాల దేశంలో పొడి కబుర్లు

బహ్రెయిన్ అంటే అరబ్బీలో ‘రెండు సముద్రాలు’ అని మీకు తెలుసా? ఒకటి పైనున్న ఉప్పు సముద్రం, రెండోది దాని అడుగున ఊరే మంచినీళ్ళు అంటారు. ముత్యాల కోసం మునిగేవాళ్ళు తోలుసంచులతో దిగి, ఉప్పునీళ్ళ నడుమ నుంచి తాగునీళ్ళు పట్టుకొచ్చేవారు! ఇన్ని నీళ్ళున్న చోట కూడా ఆడవాళ్ళు డాక్టరు ముందు నోరు విప్పని సమస్య ఒకటుంది: యోని పొడిబారడం. ఇవాళ్టి క్విజ్ దాని మీదే. సిగ్గుపడేవాళ్ళు వెనక బెంచీలో కూర్చోవచ్చు.

యోని గోడల్లో తడినిచ్చే గ్రంథి ఒక్కటీ లేదని తెలుసా? వెనకున్న రక్తనాళాల నుంచి ద్రవం గోడల్లోంచి ఊరుతుంది, అచ్చం నీళ్ళు పోసిన కొత్త కుండకు చెమ్మ పట్టినట్టు. ద్వారం దగ్గర మాత్రం బఠానీ గింజంత గ్రంథులు రెండున్నాయి. వాటిని 1677లో వర్ణించిన డెన్మార్క్ వైద్యుడు కాస్పర్ బార్తోలిన్ పేరే వాటికి పెట్టేశారు. ఆడవాళ్ళ ఒంట్లో మగాయన నేమ్‌ప్లేటు!

ఆరోగ్యంగా ఉన్న యోని పులుపు ఇంచుమించు టమాటా పులుపంత! పీహెచ్ 3.8 నుంచి 4.5. ఆ పులుపు చేసేది లాక్టోబాసిల్లై, మన పెరుగును తోడుపెట్టే సూక్ష్మజీవుల చుట్టాలు. ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గితే వాటికి తిండి తగ్గుతుంది, గోడలు పలచబడతాయి, పీహెచ్ 5 దాటుతుంది. అలాగని పెరుగు గిన్నె పట్టుకుని బాత్రూంలోకి పోకండి!

ముట్లుడిగాక వచ్చే ఒళ్ళు వేడి ఆవిర్లు ఏళ్ళు గడిచేకొద్దీ చాలామందికి తగ్గుతాయి. పొడిదనం మాత్రం ఊరుకుంటే ముదురుతుంది. దాదాపు సగం మందికి ఈ బాధ ఉంటుంది. అంటే కిట్టీ పార్టీలో పదిమంది పెద్దమ్మలుంటే అయిదుగురు నోరు మూసుకుని కూర్చున్నట్టే!

2014లో దీని పాత పేరు తీసేసి కొత్తది పెట్టారు: జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్. మూత్రంలో మంట, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ కూడా ఈ ఖాతాలోనివే కాబట్టి. ఆ పేరు చెప్పడం పూర్తయ్యేలోపు డాక్టరు దగ్గర మన టోకెన్ దాటిపోతుంది.

వయసుతోనే వస్తుందనుకుంటున్నారా? చంటిబిడ్డకు పాలిచ్చే పాతికేళ్ళ తల్లికీ రావచ్చు. రొమ్ము క్యాన్సర్ మాత్రలతో రావచ్చు. ఘాటు వాసన సబ్బుతో రావచ్చు. బహ్రెయిన్ రాజధాని మనామాలో ఇసుకగాలి లేస్తే తుమ్ములకు మింగే అలర్జీ మాత్రతో కూడా కొందరికి రావచ్చు. ఆరాల్సింది ముక్కు, ఆరింది ఇంకోటి!

ఇప్పుడు మన ఇంటి లెక్క. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశమంతటా 3.2 శాతం. తెలంగాణలో 7.7. ఆంధ్రలో 8.9! ఈ రికార్డుకు చప్పట్లు కొట్టబుద్ధి కావడం లేదు. సంచితోపాటు అండాశయాలూ తీసేస్తే, ముప్పై అయిదేళ్ళ మనిషికి ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ‘పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు’ అన్న ఆ ఒక్క మాట ఖరీదు ఎవరూ ముందు చెప్పరు. గల్ఫ్‌కు పనికి వచ్చిన మన అక్కల్లో ఎందరు ఆ కుట్టు మచ్చతో విమానం ఎక్కారో!

గల్ఫ్‌కు అరబ్బుల వైపున మొదటి చమురు పడింది బహ్రెయిన్‌లోనే, 1932లో. ఆ చమురు జాతిదే వాజలీన్. దాన్ని కనిపెట్టిన రాబర్ట్ చీస్‌బ్రో రోజూ ఓ చెంచాడు మింగేవాడట, 96 ఏళ్ళు బతికి 1933లో పోయాడు! ఆయన మింగితే మింగాడు గానీ, పొడిదనానికని మీరు లోపల రాయకండి. ఇన్‌ఫెక్షన్‌కు దారి కావచ్చు, పైగా నూనె సరుకు తగిలితే రబ్బరు కండోమ్ చిరుగుతుంది. అప్పుడు సమస్య పొడిదనం కాదు, పురుడు!

1942లో అమెరికాలో అమ్మకానికొచ్చిన ప్రెమారిన్ ఈస్ట్రోజెన్ దేనినుంచి తీశారో తెలుసా? చూలు గుర్రం మూత్రం నుంచి! మందు పేరు కూడా అదే అర్థమిచ్చే ఆంగ్ల మాటల ముక్కలే. ఇప్పుడు యోనిలో పెట్టే తక్కువ మోతాదు క్రీములున్నాయి, హార్మోన్ లేని జెల్‌లూ ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు మాత్రం డాక్టరును అడగందే హార్మోన్ ముట్టుకోకూడదు. ముట్లు ఆగిన ఏడాది తరవాత రక్తం చుక్క కనబడితే ‘పొడి వల్లేలే’ అనుకోవద్దు, వెంటనే చూపించుకోవాలి. దీనికి జోకు లేదు.

మందుల షాపులో నా ముందు ఒకావిడ తుమ్ముల మాత్ర గట్టిగా అడిగింది. రెండో వస్తువు పేరు మాత్రం మడత పెట్టిన చీటీలో అందించింది. కౌంటర్‌లో అబ్బాయి చీటీ విప్పి, ‘ఓ, జెల్లా?’ అని షాపంతా వినబడేలా అరిచాడు!

అరబ్బీలో ముట్లుడిగే వయసును ‘సిన్ అల్ యాస్’ అంటారు. అంటే నిరాశ వయసు! సముద్రంలో ఆడ ఓర్కా తిమింగలాలు పిల్లలు కనడం ఆపేశాక కూడా దశాబ్దాలు బతుకుతాయి. చేపలు కరువైతే మందను వెంటేసుకుని వేటకు దారి చూపేది ఆ ముసలమ్మలే. పాపం, వాటికి అరబ్బీ రాదు!