పూజ లేని ఆశ్రమానికి.. అమ్మతో!

మూడు రాత్రులు ఉండటానికి ఎనిమిది రోజుల ప్రయాణం. తీరా వెళ్తే అక్కడ గుడి లేదు, విగ్రహం లేదు, హారతి లేదు, ప్రసాదం క్యూ అసలే లేదు. ''మరి అంత దూరం ఎందుకురా? ఆ డబ్బుతో కాశీ వెళ్లి రావచ్చుగా!'' అన్నాడు మా బాబాయ్. అడగాల్సిన ప్రశ్నే. నాలుగు నెలలుగా ఈ ట్రిప్ ప్లాన్ చేస్తున్నా, ఆయనకి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నా. మీలో ఎవరికైనా 'అన్నీ వదిలేసి కొన్నాళ్లు కొండల్లోకి పోవాలి' అనిపిస్తుంటే, మేం పడ్డ తిప్పలు మీకు పనికొస్తాయి.

మేం వెళ్తున్నది ఉత్తరాఖండ్‌లోని మాయావతి. చంపావత్ జిల్లాలో, లోహాఘాట్ అనే చిన్న ఊరికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, దేవదారు అడవి మధ్యలో ఉన్న అద్వైత ఆశ్రమం.

అట్ట మీద పేరు

ఇంజినీరింగ్ హాస్టల్లో సీనియర్ ఎవరో వదిలేసి పోయిన వివేకానందుడి ఇంగ్లీషు సంపుటి ఒకటి నా మంచం కింద ఉండేది. దాని మీద 'మాయావతి మెమోరియల్ ఎడిషన్' అని ఉంటుంది. మాయావతి అంటే ఎవరో రాణి అనుకున్నా చాలాకాలం. అది ఊరి పేరని తెలిసింది ఉద్యోగంలో చేరాక, ఒక రాత్రి ప్రొడక్షన్ సర్వర్ పడిపోయి, నిద్ర పట్టక ఫోన్లో ఏదో వెతుకుతున్నప్పుడు.

అక్కడో పాత టీ తోట ఉండేది. వివేకానందుడి శిష్యులైన ఇంగ్లీషు దంపతులు కెప్టెన్ సేవియర్, షార్లెట్ సేవియర్ ఆ చోటు కొని, స్వామి స్వరూపానందతో కలిసి 1899 మార్చిలో ఆశ్రమం మొదలుపెట్టారు. 'ప్రబుద్ధ భారత' పత్రిక కూడా అదే ఏడాది అక్కడికి చేరింది. నిజానికి ఆ పత్రిక పుట్టింది మన పక్కనే మద్రాసులో, 1896లో. మొదటి సంపాదకుడు రాజం అయ్యర్‌కి అప్పుడు 24 ఏళ్లు. 26కే చనిపోయాడు. నాకిప్పుడు 28. ఆ లెక్క చూసుకున్నప్పుడు కాస్త సిగ్గేసింది, ఒప్పుకుంటాను.

ఈ ఆశ్రమానికి మొదటి నుంచీ ఒక నియమం ఉంది. బయటి పూజ ఏదీ చేయకూడదు. విగ్రహం, పటం ఏదీ పెట్టి కొలవకూడదు. రామకృష్ణ పరమహంస పటానికి కూడా మినహాయింపు లేదు. 1901లో వివేకానందుడు వచ్చేసరికి ఒక గదిలో పరమహంస పటం పెట్టి పూజ చేస్తున్నారట. ఆయనకి అది నచ్చలేదు. తర్వాత ఆ పూజ ఆపేశారు. ఈ సందేహం శారదాదేవి దాకా వెళ్తే, ఆవిడ కూడా ఆ నియమాన్నే సమర్థించారు. పూజ తప్పని కాదు. మిగతా రామకృష్ణ మఠాల్లో రోజూ హారతులు జరుగుతూనే ఉంటాయి. ఉన్నది ఒక్కటే, రెండోది లేదని చెప్పే అద్వైతానికి ఏ ఆసరా లేకుండా ఒక్క చోటైనా ఉండాలన్నది వాళ్ల ఆలోచన.

''దండం పెట్టమనరా?''

ఇది మొదట నా ఒక్కడి ట్రిప్పే. ఆఫీసు, ఆన్‌కాల్, తలనొప్పి.. మీకు తెలిసిన కథే. అమ్మకి ఫోన్ చేసి మాటల్లో చెప్పా.

అమ్మ రాజమండ్రిలో ఒక్కతే ఉంటుంది. నాన్న పోయి పద్నాలుగు నెలలు. పొద్దున కాఫీ తాగుతూ పేపర్ చదువుతున్న మనిషి, హాస్పిటల్‌కి వెళ్లేలోపే లేడు. ఆ రోజు మూసిన పూజగది తలుపు అమ్మ మళ్లీ తీయలేదు. ముప్పై ఏళ్లు ఒక్క కార్తీక సోమవారం తప్పని మనిషి! చుట్టాలు ఊరుకుంటారా? 'తిరుపతి వెళ్లిరా', 'పారాయణ పెట్టించు', 'అలా దీపం పెట్టకుండా ఉంటే ఇంటికి మంచిది కాదు'. అలా చెప్పేవాళ్లే మా వీధిలో పెళ్లికి పసుపు దంచేటప్పుడు ఆవిడని పిలవలేదు. అమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. నాతో కూడా.

నేను మాయావతి గురించి చెప్తుంటే ముందు నమ్మలేదు. ''ఇక్కడి మఠం వాళ్లదేనా? ఇక్కడ సాయంత్రం హారతి ఇస్తారుగా?'' అంది. లేదమ్మా, అక్కడ మాత్రం ఏమీ ఉండవని చెప్పా. కాసేపు మాట్లాడలేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నా.

''అక్కడ ఎవరూ దండం పెట్టమనరా?'' అంది.

''అనరు.''

''పెట్టకపోతే ఎందుకని అడగరా?''

''అడగరు.''

''అయితే నేనూ వస్తాన్రా.''

అక్కడితో నా ప్లాన్ మొత్తం మారిపోయింది.

ముందు ఉత్తరం, తర్వాతే టికెట్లు

ఇలాంటి చోట్లకి వెళ్లాలంటే మనవాళ్లు చేసే మొదటి తప్పు, టికెట్లు బుక్ చేసేసి తర్వాత గది సంగతి చూడటం. ఇది హోటల్ కాదు, యోగా ప్యాకేజీలు అమ్మే రిసార్టూ కాదు. ముందుగా రాసి అడగాలి. వాళ్లు సరే అన్నాకే బయల్దేరాలి. ఉండనిచ్చేది కూడా కొద్ది రోజులే. చలికాలంలో అతిథులను తీసుకోరు కాబట్టి, ఏ నెలల్లో వీలవుతుందో ఆశ్రమం వెబ్‌సైట్‌లో చూసుకుని రాయండి.

నేను రాసిన మొదటి మెయిల్ ఇంకా డ్రాఫ్ట్స్‌లో ఉంది. చెక్-ఇన్ టైమ్ ఎంత, అటాచ్డ్ బాత్రూమ్ ఉందా, గీజర్ ఉందా, వైఫై ఉందా.. తొమ్మిది ప్రశ్నలు, నంబర్లు వేసి మరీ. పంపే ముందు అమ్మకి చదివి వినిపించా. ''ఎవరింటికైనా చుట్టపు చూపుగా వెళ్తూ ఇన్ని అడుగుతామా?'' అంది. అంతే, తీసేసి మళ్లీ రాశా. మేమెవరం, ఎందరం, వయసులెంత, ఏ తేదీల్లో రాగలం, తేదీలు మారినా పర్వాలేదు, ఎందుకు రావాలనుకుంటున్నాం. ఆ చివరి ప్రశ్న దగ్గరే గంట పట్టింది. 'మా నాన్నగారు పోయారు. అమ్మ కొన్నాళ్లు నిశ్శబ్దంగా ఉండాలనుకుంటోంది' అని రాశా. రాశాక తెలిసింది, అది నాకూ కావాలని.

అక్టోబర్‌లో మూడు రాత్రులకి సరేనన్నారు. అప్పుడు టికెట్లు తీశా.

దారి లెక్క

శనివారం హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఫ్లైట్. ముందు రోజు రాత్రి అమ్మ గౌతమి ఎక్కి వచ్చేస్తుంది. ఆదివారం ఢిల్లీ నుంచి టనక్‌పుర్‌కి రైలు. నేపాల్ సరిహద్దు పక్కన, కొండలు మొదలయ్యే చోట ఉంటుంది ఈ ఊరు. రైలు అక్కడితో ఆఖరు. ఆ రాత్రి అక్కడే పడుకుంటాం. సోమవారం పొద్దున టాక్సీలో చంపావత్ మీదుగా లోహాఘాట్, అక్కడి నుంచి ఆశ్రమం. టనక్‌పుర్ నుంచి లోహాఘాట్ 90 కిలోమీటర్లకి కాస్త తక్కువే. మన హైవే మీద గంటన్నర. ఆ మలుపుల్లో కనీసం మూడున్నర, నాలుగు గంటలు వేసుకోవాలి. సోమ, మంగళ, బుధ రాత్రులు ఆశ్రమంలో. గురువారం కిందికి, శుక్రవారం ఢిల్లీ, శనివారం ఇల్లు. ఆఫీసుకి ఐదు రోజులు సెలవు పెడితే చాలు.

ఒక్క రోజులో టనక్‌పుర్ దాటేసి పైకి వెళ్లిపోదామని మొదట అనుకున్నా. ఒక రోజు మిగులుతుందిగా! కానీ కొండ దారిలో చీకటి పడ్డాక ప్రయాణం మంచిది కాదు. అరవై దగ్గర పడ్డ మనిషిని పది గంటలు రైల్లో కూర్చోబెట్టి, వెంటనే నాలుగు గంటలు మలుపుల్లో తిప్పితే, నిశ్శబ్దం సంగతి తర్వాత, ముందు వాంతులు ఆపుకోవాలి.

జులై, ఆగస్టుల్లో వెళ్లకండి. వానలకి కొండచరియలు విరిగిపడి ఆ రోడ్డు మూసుకుపోతూ ఉంటుంది. మేం అక్టోబర్ అడిగింది వానలు తగ్గి ఆకాశం తేటగా ఉంటుందని. మబ్బు లేకపోతే అటువైపు నుంచి మంచు శిఖరాలు కనిపిస్తాయి.

మాత్రలు, స్వెట్టర్లు, మాగాయ

మాయావతి ఎత్తు దాదాపు 1,940 మీటర్లు. తిరుమల కొండకి రెండింతలకు పైనే. అయినా ఊపిరాడకపోయేంత ఎత్తేమీ కాదు. అమ్మకి బీపీ ఉంది కాబట్టి డాక్టర్‌కి చూపించాం. మాత్రలు ఆపొద్దు, మెల్లగా నడవండి అన్నారు. మాత్రలు రెండు చోట్ల సర్దాం, ఒక బ్యాగు పోయినా ఇబ్బంది లేకుండా. ఆశ్రమం వాళ్లదే ఉచిత ఆసుపత్రి ఒకటి ఉంది. 1903 నుంచి చుట్టుపక్కల కొండ ఊళ్లవాళ్లకి వైద్యం చేస్తోంది. అది విన్నాకే అమ్మ ముఖంలో భయం తగ్గింది.

ఒకటి ముందే ఒప్పుకోవాలి, అక్కడ ఫోన్ సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. ఉంటే ఉంది, లేకపోతే లేదు. చెల్లికి మా తేదీలు, టాక్సీ వివరాలు, ఆశ్రమం నంబరు రాసిచ్చా. 'ఫోన్ రాకపోతే కంగారు పడకు' అని కూడా చెప్పా. చేతిలో కొంత నగదు, టార్చి, వేసుకోడానికీ తీయడానికీ వీలుగా రెండేసి స్వెట్టర్లు, మంచి పట్టున్న బూట్లు. అమ్మ మాగాయ సీసా పెట్టింది. వాళ్లు పెట్టిందే తినాలమ్మా అంటే, ''రైల్లోకి'' అంది. సీసా సైజు చూస్తే మా బోగీ మొత్తానికి సరిపోతుంది.

ఆఫీసులో ఇంకో రకం సర్దుడు. మొదట మేనేజర్‌కి 'అవసరమైతే లాగిన్ అవుతా' అన్నా. అలవాటైన అబద్ధం. వారం తర్వాత వెళ్లి, అవ్వలేను అని చెప్పా. నా పని ఎవరు చూస్తారో, ఏది పాడైతే ఏం చేయాలో పదకొండు పేజీలు రాసి టీమ్‌కి ఇచ్చా. నేను లేకుండా సిస్టమ్ నడుస్తుందని తెలియడం కాస్త బాధే. కానీ లేకపోయినా నడిచేలా చేసి వెళ్లడమే ఈ ట్రిప్‌కి అసలు ప్యాకింగ్. బట్టలు చివరి రోజు సర్దుకున్నా చాలు.

మంచులో వచ్చిన మనిషి

అక్కడ రోజంతా ఏం చేస్తాం అని అమ్మ అడిగింది. నడుస్తాం, చదువుకుంటాం, కూర్చుంటాం. అంతే. టైమ్‌టేబుల్ ఏదో ఇస్తారని వెళ్లేవాళ్లకి అది నిరాశే. అప్పుడే ఆవిడకి సేవియర్ అమ్మగారి కథ చెప్పా.

ఆశ్రమం పెట్టిన మరుసటి ఏడాది, 1900 అక్టోబర్ 28న కెప్టెన్ సేవియర్ అక్కడే పోయాడు. వివేకానందుడు అప్పుడు విదేశాల్లో ఉన్నాడు. డిసెంబర్లో తిరిగొచ్చిన కొద్ది రోజులకే, ఆరోగ్యం బాగోకపోయినా, ఆవిడని పలకరించడానికి బయల్దేరాడు. డిసెంబర్ 29న కాఠ్‌గోదాంలో రైలు దిగి, వానలో, మంచులో కొండలెక్కి, జనవరి 3న మాయావతి చేరాడు. 18 దాకా ఉన్నాడు. ఆయన 38వ పుట్టినరోజు కూడా ఆ మధ్యలోనే వచ్చింది. తర్వాత ఏడాదిన్నరకే ఆయనా పోయాడు. ఆవిడ మాత్రం ఏళ్లపాటు ఆ కొండల్లోనే ఉండిపోయింది.

అమ్మ అంతా విని, ''అంత కష్టపడి వచ్చి ఆవిడతో ఏం మాట్లాడాడో'' అంది. తర్వాత తనే, ''ఏం మాట్లాడి ఉండడులే. వచ్చాడు కదా'' అంది.

నాన్న పోయినప్పుడు నేను పన్నెండో రోజు సాయంత్రమే ల్యాప్‌టాప్ తెరిచా. ఏదో రిలీజ్ ఉందని. పదిహేనో రోజుకి హైదరాబాద్ వచ్చేశా. అమ్మ 'వెళ్లు, ఫర్లేదు' అంది. నేను నిజంగానే ఫర్లేదనుకున్నా.

బాబాయ్‌కి జవాబు దొరికినట్టే ఉంది. అమ్మ ఆ కొండకి దేవుణ్ని వెతుక్కుంటూ రావడం లేదు. దేవుడి మీద అలిగిన మనిషికి, ఆ అలక ఎప్పుడు తీరుతుందని అడగని చోటు ఒకటి కావాలి. తిరిగొచ్చాక పూజగది తలుపు తీస్తుందా లేదా అన్నది నా ప్లాన్‌లో లేదు. దయచేసి మీరూ మీ వాళ్ల కోసం అలాంటి ప్లాన్ వేయకండి.

ఇంకా మూడు వారాలుంది. అమ్మ రోజూ సాయంత్రం గోదావరి గట్టు మీద నడక అలవాటు చేసుకుంటోంది. మొదట పది నిమిషాలు, ఇప్పుడు నలభై. నిన్న రాత్రి సామాన్ల లిస్టు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. మాత్రలు, మఫ్లర్, టార్చి, సాక్సులు, మాగాయ.. అన్నిటికీ నంబర్లు వేసింది. కింద నంబరు లేకుండా ఒక లైను: 'నాన్న ఫొటో. చిన్నది. పూజకి కాదు, ఊరికే'.

'పెట్టుకో' అని రిప్లై ఇచ్చా.