మందుకో కొవ్వు సంచి!

డాక్సోరుబిసిన్... క్యాన్సర్‌ కణాల్ని చంపడంలో దిట్ట. కానీ మోతాదు పెరిగేకొద్దీ గుండెనే దెబ్బతీస్తుంది. అందుకే జెరూసలేం పరిశోధకులు బారెన్‌హోల్జ్‌, గాబిజాన్‌ ఆ మందును కొవ్వు పదార్థంతో చేసిన బుల్లి సంచుల్లో నింపారు. ఒక్కోటీ వెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతే! మామూలు రక్తనాళాల గోడల్ని ఇవి అంత తేలిగ్గా దాటలేవు. కణితిలో హడావుడిగా పెరిగిన నాళాలకేమో చిల్లులెక్కువ. దాంతో అక్కడ బయటికి జారి, పోగుపడి, మందును వదులుతాయి. 1995లో అమెరికాలో అనుమతి పొందిన ఈ ‘డాక్సిల్‌’తో గుండెకు ముప్పు తగ్గింది. అయితే గురి నూటికి నూరుపాళ్లూ కుదరలేదు. కొంత మందు చర్మానికీ చేరడంతో కొందరికి అరచేతులూ అరికాళ్లూ ఎర్రబడి మండుతాయి, పొక్కులొస్తాయి. ఆ గురిని ఇంకా పెంచడమే ఇప్పుడు శాస్త్రవేత్తల ముందున్న పని.