కంప్యూటర్ రిపేర్ నేర్చుకుంటారా? 'నో డిస్‌ప్లే' దగ్గర మొదలుపెట్టండి

"అన్నా, సిస్టమ్ ఆన్ అవుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రావట్లేదు." సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా, మండల కేంద్రంలో బస్టాండ్ పక్కన ఉండే చిన్న షాపులోనైనా రిపేరు టేబుల్ దగ్గర తరచూ వినిపించే మాట ఇది. షాపు భాషలో దీన్ని 'నో డిస్‌ప్లే' అంటారు. ఈ పని నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు. కంప్యూటర్‌లో దాదాపు ప్రతి భాగమూ ఈ ఒక్క సమస్యకు కారణం కావచ్చు మరి.

కొత్తగా చేరిన కుర్రాడు వెంటనే స్క్రూలు విప్పేస్తాడు. సీనియర్ మాత్రం ముందు రెండు ప్రశ్నలు అడుగుతాడు. చివరిసారి బాగా పనిచేసింది ఎప్పుడు? ఆ తర్వాత ఏం జరిగింది? కరెంటు పోయి వచ్చిందా, ఇల్లు మారారా, ఎవరైనా కొత్త ర్యామ్ వేశారా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌లో మానిటర్ కేబుల్‌ను పొరపాటున మదర్‌బోర్డు పోర్టుకు పెట్టడం వల్ల షాపుదాకా వచ్చే కేసులూ ఉంటాయి. దానికి స్క్రూడ్రైవర్‌తో పనే లేదు.

కేబుళ్లు సరిగా ఉంటే తర్వాత చూడాల్సింది పవర్ సప్లై, అంటే ఎస్ఎంపీఎస్. ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి ఎస్ఎంపీఎస్ బాగున్నట్టే అనుకోవడం చాలామంది చేసే తప్పు. 12 వోల్టుల లైన్ బలహీనపడినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. మల్టీమీటర్ పెట్టి కొలవాలి. ఆ లైన్ 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి, 5 వోల్టుల లైన్ 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. బయట దాటితే మార్చేయడమే మంచిది. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం కొత్తవాళ్లు విప్పకూడదు. మన 230 వోల్టుల ఏసీ లోపల డీసీగా మారాక 300 వోల్టులు దాటుతుంది. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో ఆ చార్జ్ కొంతసేపు మిగిలే ఉంటుంది.

ఆ తర్వాత ర్యామ్. దుమ్ము, తేమ వల్ల కాంటాక్టులు సరిగా ఆనకపోవడం మన దగ్గర మామూలే. ప్లగ్ తీసి, కేబినెట్ లోహానికి చెయ్యి తాకించి ఒంట్లోని స్టాటిక్ పోగొట్టుకున్నాకే ర్యామ్ ముట్టుకోవాలి. రబ్బరుతో రుద్దడం మన షాపుల్లో పాత అలవాటు. అది మెల్లగా చేయాలి, ఆ పొడి స్లాటులో పడకుండా దులపాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే ఇంకా మేలు. రెండు స్టిక్కులుంటే ఒక్కోటి విడిగా, ఒక్కో స్లాటులో మార్చి పెట్టి చూడాలి. డెస్క్‌టాప్ డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే ఉన్నా, మధ్యలో ఉండే గాటు చోటు వేరు. దిగడం లేదని బలంగా నొక్కితే మదర్‌బోర్డు కూడా పోతుంది.

అప్పటికీ రాకపోతే అనవసరమైనవన్నీ పీకేయాలి. ప్రాసెసర్, దాని కూలర్, ఒక ర్యామ్, డిస్‌ప్లే, పవర్ మాత్రమే ఉంచి ఆన్ చేయాలి. వస్తే ఒక్కో భాగాన్ని తిరిగి కలుపుతూ పోవాలి, ఏది కలిపినప్పుడు ఆగిందో దోషం అక్కడుంది. ఒకేసారి రెండు మార్పులు చేస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. ప్రతి అడుగూ ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆరు నెలల్లో ఆ పుస్తకం ఏ కోచింగ్ మెటీరియల్ కంటే ఎక్కువ పనికొస్తుంది.

బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ గురించి చిన్న మాట. అది అయిపోతే కంప్యూటర్ తేదీ వెనక్కి వెళ్లిపోతుంది, బ్రౌజర్ వెబ్‌సైట్లన్నీ సురక్షితం కాదని చెబుతుంది. వైరస్ అనుకుని విండోస్ ఫార్మాట్ కొట్టేసేవాళ్లున్నారు. తక్కువ ఖర్చుతో తీరిపోయే పని అది.

ఫార్మాట్‌కు ముందు ఆగండి

నిజానికి ఈ వృత్తిలో పెద్ద నష్టాలు జరిగేది హార్డ్‌వేర్ దగ్గర కాదు, డేటా దగ్గర. మదర్‌బోర్డు పోతే ఇంకొకటి కొనొచ్చు. పెళ్లి ఫొటోలు, దుకాణం జీఎస్టీ లెక్కలు, పిల్లాడి ప్రాజెక్టు పోతే కొనడానికి దొరకవు. హార్డ్ డిస్క్ టిక్ టిక్ మని చప్పుడు చేస్తుంటే మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకండి, ప్రతిసారీ నష్టం పెరుగుతుంది. ఎస్ఎస్‌డీలో అయితే ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల ఒకసారి తుడిచేసిన ఫైళ్లు తిరిగి రావడం చాలా అరుదు.

కొత్త తరం టెక్నీషియన్లు తప్పక తెలుసుకోవాల్సింది బిట్‌లాకర్. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెట్టిన చాలా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో ఓనర్‌కు తెలియకుండానే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. మదర్‌బోర్డు మార్చినా, బయోస్‌లో టీపీఎం సెట్టింగు కదిపినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే మెషిన్ పనిచేస్తున్నప్పుడే, కస్టమర్ ఎదురుగానే, ఆయన అకౌంట్‌లో ఆ కీ ఉందో లేదో చూపించి రాసుకోమనాలి.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ముగిసింది కాబట్టి ఈ అవసరం ఇంకా పెరిగింది. 'లెవెన్ వేయండి' అంటూ పాత సిస్టమ్‌లు వస్తాయి. విండోస్ 11కు టీపీఎం 2.0 కావాలి. కొన్నింటిలో అది బయోస్‌లో ఆఫ్ అయి ఉంటుంది, ఆన్ చేస్తే చాలు. ఇంటెల్ అయితే సాధారణంగా 8వ తరం కంటే పాత ప్రాసెసర్లు అర్హత జాబితాలో ఉండవు. అలాంటప్పుడు ఆ సంగతి సూటిగా చెప్పాలి. క్రాక్ చేసిన విండోస్ వేసి పంపితే ఆ పూట డబ్బులు వస్తాయి, నెల తర్వాత మాల్వేర్‌తో అదే మెషిన్ మళ్లీ మీ టేబుల్ మీదికి వస్తుంది.

కస్టమర్ ఫొటోల ఫోల్డర్ తెరిచి చూడటం సరదా అనుకునే కుర్రాళ్లు కొన్ని షాపుల్లో ఉంటారు. యజమాని అనుమతి లేకుండా డేటా కాపీ చేయడం ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు. పాస్‌వర్డ్ అవసరమైతే కస్టమర్ చేతే టైప్ చేయించండి.

చదువు విషయానికొస్తే, ఐటీఐలలో కంప్యూటర్ హార్డ్‌వేర్, నెట్‌వర్క్ మెయింటెనెన్స్ ట్రేడ్ ఉంది. కార్పొరేట్ సపోర్ట్ ఉద్యోగాలకు రెండు పరీక్షలుండే కాంప్‌టియా ఏ ప్లస్ సర్టిఫికెట్ ఉపయోగపడుతుంది. సొంత షాపు పెట్టాలనుకునేవారికి మాత్రం ముందు ఏడాదిపాటు మంచి సీనియర్ పక్కన కూర్చోవడమే మేలని నా అభిప్రాయం.

అలా కూర్చున్నప్పుడు రశీదు రాసే తీరు కూడా గమనించండి. మెషిన్ తీసుకునేటప్పుడే సీరియల్ నంబర్, ర్యామ్ ఎంత, గీతలు, పగుళ్లు ఎక్కడున్నాయి, చార్జర్ ఇచ్చారా లేదా అన్నీ రాసి సంతకం తీసుకోవాలి. ఖర్చు ముందే చెప్పాలి, పెరిగేలా ఉంటే పని ఆపి ఫోన్ చేయాలి. తిరిగి ఇచ్చేటప్పుడు కస్టమర్ ముందే ఆన్ చేసి వైఫై, సౌండ్, యూఎస్‌బీ పోర్టులు చూపించి, తీసేసిన పాత భాగాన్ని కవర్లో పెట్టి ఆయన చేతికివ్వాలి.