మౌత్ ఆర్గాన్: ఆ స్వరం మీకు రాకపోవడం కాదు.. అసలు అందులోనే లేదు! బ్లూగ్రాస్ ప్లేయర్లు ఏం చేస్తారంటే..

మౌత్ ఆర్గాన్‌పై అమెరికన్ బ్లూగ్రాస్ ట్యూన్లు వాయించే వీడియోలు చూసి, మీరూ ఓ పది రంధ్రాల మౌత్ ఆర్గాన్ కొన్నారా? మధ్యలో బాగానే పలికి, కింది స్థాయికి రాగానే ట్యూన్ తెగిపోతోందా? 'నాకు రాదులే' అని పక్కన పడేయకండి. కొన్ని స్వరాలు అందులో తయారీలోనే ఉండవు. వాటి కోసం ప్లేయర్లు ఒకటి రెండు రీడ్ల శ్రుతినే మార్చేస్తారు. అదెలాగో చూద్దాం.

బ్లూగ్రాస్‌తో ఇబ్బంది ఏంటి?

బ్లూగ్రాస్ 1940ల్లో రూపుదిద్దుకున్న సంగీతం. కెంటకీకి చెందిన బిల్ మన్రో, ఆయన 'బ్లూ గ్రాస్ బాయ్స్' బృందం వల్లే ఆ పేరొచ్చింది. ఫిడేలు, బాంజో, మాండొలిన్ మీద స్వరాలు విడివిడిగా, చాలా స్పీడుగా పరుగెడతాయి. మౌత్ ఆర్గాన్ అనగానే మనకు గుర్తొచ్చేది 'షోలే' (1975). భాను గుప్తా వాయించిన ఆ ట్యూన్ నిదానంగా సాగుతుంది. బ్లూగ్రాస్‌లో అంత టైమ్ ఉండదు. లేని స్వరాన్ని నోటితో వంచి తెచ్చే 'బెండింగ్' టెక్నిక్ ఉంది కానీ, ఆ వేగంలో ప్రతిసారీ శుద్ధంగా పలికించడం చాలా కష్టం.

ఏ స్వరాలు లేవు?

మామూలు మౌత్ ఆర్గాన్‌లో ఉండేది రిక్టర్ ట్యూనింగ్. సి కీ తీసుకుని, 'సి'నే షడ్జమం అనుకుందాం. 4 నుంచి 7వ రంధ్రం దాకా ఏడు స్వరాలూ ఉంటాయి. కింద, అంటే 1 నుంచి 3 దాకా, మధ్యమం, దైవతం ఉండవు. పాటకు తోడుగా కార్డ్‌లు నిండుగా పలకడానికే అక్కడ అలా అమర్చారు.

మోహన రాగం స్వరాలతో చెక్ చేసుకోండి. 1 ఊదితే స, పీలిస్తే రి. 2 ఊదితే గ, పీలిస్తే ప. తర్వాత రావాల్సిన ద ఎక్కడా లేదు. 4 ఊదితే నేరుగా పై స. బ్లూగ్రాస్‌లో కూడా ఇవే ఐదు స్వరాల మీద నడిచే ట్యూన్లు చాలా ఉన్నాయి. అందుకే అవి కింది స్థాయిలో తెగిపోతాయి.

ఒక్క రీడ్ మారిస్తే..

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 2 పీల్చినా ప, 3 ఊదినా ప. అంటే ఒకే స్వరం రెండుసార్లు. న్యూజిలాండ్ ప్లేయర్ బ్రెండన్ పవర్ పట్టుకున్నది ఇదే. 3వ రంధ్రం ఊదే రీడ్‌ను పూర్తి స్వరం పెంచి 'ద' చేశారు. ఐరిష్ ట్యూన్ల కోసం చేసిన ఈ మార్పు పేరు ప్యాడీ రిక్టర్. ఐరిష్, స్కాటిష్ ఫిడేలు ట్యూన్లే బ్లూగ్రాస్‌కు ఒక మూలం కాబట్టి ఇక్కడా చక్కగా సరిపోయింది.

రెండోది కంట్రీ ట్యూనింగ్. 5వ రంధ్రం పీల్చే రీడ్‌ను అర స్వరం పెంచుతారు, అంటే ఎఫ్ కాస్తా ఎఫ్ షార్ప్ అవుతుంది. నాష్‌విల్ ప్లేయర్ చార్లీ మెకాయ్ వాడిన ట్యూనింగ్ ఇది. సి షడ్జమంగా వాయిస్తే శుద్ధ మధ్యమం పోయి ప్రతి మధ్యమం వస్తుంది, మధ్య స్థాయిలో కల్యాణి స్వరాలు సిద్ధం!

బ్లూగ్రాస్‌లో బాగా వాడే జి కీ కోసం, ఇదే సి మౌత్ ఆర్గాన్‌ను 'జి' షడ్జమంగా వాయిస్తారు. అప్పుడు 2 పీలిస్తే స. మామూలు ట్యూనింగ్‌లో అక్కడి నుంచి రి ఉండదు, కాకలి నిషాదమూ ఉండదు. పై రెండు మార్పులూ కలిపితే 2 పీల్చడం నుంచి 6 ఊదడం దాకా శంకరాభరణం స్వరాలన్నీ వరుసగా దొరుకుతాయి. లీ ఆస్కర్ కంపెనీ 'మెలొడీ మేకర్' మోడల్‌లో ఈ రెండు మార్పులూ ఉంటాయి, 9వ రంధ్రం పీల్చే రీడ్ కూడా పెంచి ఉంటుంది. కొనేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి: దానిపై 'జి' అని ఉంటే, అది సి రిక్టర్‌ను మార్చి చేసిందని అర్థం.

ఇంట్లో చేయొచ్చా?

చేయొచ్చు, కానీ జాగ్రత్త. పాలకీడు, మిర్యాలగూడ వైపు భజనల్లో హార్మోనియం విని పెరిగినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. హార్మోనియం శ్రుతి సరిచేసేవాళ్లు కూడా ఇలాగే రీడ్‌ను గీస్తారు. కొస దగ్గర గీస్తే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీస్తే తగ్గుతుంది.

- ముందు కంట్రీ ట్యూనింగ్ ట్రై చేయండి. పీల్చే రీడ్లు కింది ప్లేటుకు బయటివైపు ఉంటాయి, కవర్ తీస్తే చాలు. ఊదే రీడ్లు లోపలివైపు ఉంటాయి కాబట్టి ప్లేటు కూడా విప్పాలి.
- మేకులతో కొట్టింది కాకుండా స్క్రూలున్న మోడల్ తీసుకోండి.
- రీడ్ కింద పల్చటి రేకు పెట్టి, సన్నటి ఆకురాయితో కొద్దికొద్దిగా గీయండి. ఎక్కువ గీస్తే రీడ్ బలహీనపడి విరుగుతుంది.
- ఫోన్‌లో ట్యూనర్ యాప్‌తో చూస్తూ ఉండండి. కాసేపాగి మళ్లీ చెక్ చేయండి.
- జాతరలో కొన్న బొమ్మ మౌత్ ఆర్గాన్‌కు ఇది కుదరదు. రెండు వరుసల ట్రెమోలోలో ఒక్కో స్వరానికి రెండు రీడ్లుంటాయి, దాని పద్ధతి వేరు.

నష్టం లేదా?

ఉంది. 3వ రంధ్రం మారిస్తే కింద ఊదే కార్డ్‌లో 'ప' పోతుంది. 5వ రంధ్రం మారిస్తే బ్లూస్‌కు కావాల్సిన కైశికి నిషాదం పోతుంది. అందుకే ఉన్న ఒక్కదాన్నీ గీసేయకుండా, మామూలుది ఒకటి అలాగే ఉంచుకుని రెండోదాని మీద ప్రయోగం చేయండి. మీకు కావాల్సిన ట్యూన్‌లో ఏ స్వరం దగ్గర ఆగిపోతున్నారో ముందు చూసుకోండి. కింది స్థాయిలో 'ద' దగ్గరైతే ప్యాడీ రిక్టర్, జి షడ్జమంలో 'ని' దగ్గరైతే కంట్రీ ట్యూనింగ్.