కొత్త ఇంట కప్పు, పెరడు, అల్లిక: రుణాన్ని ఏ వరుసలో వినియోగించవలెను?

చాతం చిన్న దీవి. 1883లో నెలకొల్పిన రంపపు మిల్లు దానికి పేరు తెచ్చినది. ఒక వంతెన దానిని 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురముగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌తో కలుపుచున్నది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చి ఈ దీవులలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. కొత్తగా ఇంట చేరిన కుటుంబానికి మూడు కోరికలు సహజం: ఇల్లు బాగుచేసుకొనుట, పెరట కూరగాయలు పెంచుట, తీరిక వేళ దారపు అల్లికతో నాలుగు రూపాయలు గడించుట. మూడూ మంచివే. అయితే అప్పు తీర్చే శక్తి మూడింటికీ సమానముగా లేదు.

ముందు కప్పు

ఇక్కడ ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడును. మే నుండి డిసెంబరు వరకు వానలే. సముద్రపు గాలికి సాధారణ మేకులు, రేకులు త్వరగా తుప్పు పట్టును. కనుక గాల్వనైజ్డ్ రేకులు, అదే రకం మేకులు వాడుట మేలు. ధర కొంత ఎక్కువైనను, ఏటేటా మరమ్మతు తప్పును. ఈ సంగతిని కొనుగోలుదారునకు ముందే వివరించుట వ్యాపారుల బాధ్యత. 2002 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వుల తరువాత అండమాన్ అడవులలో చెట్లు నరకుటపై కఠిన పరిమితులు ఉన్నవి. కలపను రసీదుతోనే కొనవలెను.

కప్పు బాగుపడినచో నీరు కూడ దక్కును. ఒక చదరపు మీటరు కప్పుపై ఒక మిల్లీమీటరు వాన పడిన ఒక లీటరు నీరు. 30 చదరపు మీటర్ల కప్పుపై 10 మిల్లీమీటర్ల వాన కురిసిన 300 లీటర్లు. వృథా పోను సుమారు 240 లీటర్లు తొట్టెకు చేరును. జనవరి నుండి ఏప్రిల్ వరకు నీటి ఎద్దడి తెలిసినవారికి దీని విలువ వేరుగా చెప్పనవసరము లేదు.

తరువాత పెరడు

దీవులకు కూరగాయలు చాలావరకు ఓడలపై రావలసినదే. వాతావరణం చెడి ఓడ ఆలస్యమైనచో ధర పెరుగును. పెరట పండిన తోటకూర కట్ట ఆ మేరకు ఖర్చు తగ్గించును. తోటకూర సుమారు నెల రోజులలో కోతకు వచ్చును. బచ్చలి పలుమార్లు కోయవచ్చును. బీర, కాకర పందిరికి పాకును. వానకు వేళ్లు కుళ్లకుండ మడులను అడుగు ఎత్తున వేసి, చుట్టును కాలువ తీయవలెను. వేసవిలో ఎండుటాకులు పరచిన తేమ నిలుచును. ఇక్కడి నేలలు పలుచోట్ల పులుపు స్వభావం గలవి. మట్టి పరీక్ష చేయించిన పిదపనే సున్నం వేయుట మంచిది. ఆఫ్రికా పెద్ద నత్తలను చీకటి పడిన తరువాత, చేతికి తొడుగు వేసుకొని ఏరి ఉప్పునీటిలో వేయవలెను. ఉప్పును మడిలో చల్లరాదు.

చివర అల్లిక

ఈ ఉక్కలో ఊలు దుస్తులకు గిరాకీ తక్కువ. నూలు దారముతో క్రోషియా సంచులు, బల్లగుడ్డలు, తలుపు తెరలు అల్లుట తగును. తేమకు బూజు పట్టును కనుక సరుకును పొడిగా, మూత గల డబ్బాలో ఉంచవలెను. ధర నిర్ణయించునపుడు దారం వెలతో పాటు పని గంటలను కూడ లెక్కించవలెను. మొదట నాలుగైదు వస్తువులు అమ్మి చూచి, తరువాతనే అప్పు చేయుట క్షేమం.

రుణములో తేడా

2015లో ప్రారంభమైన ముద్రా పథకములో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు రుణం లభించును. అది ఆదాయం తెచ్చు వృత్తి కొరకే. ఇంటి మరమ్మతుకు కాదు. అల్లిక పేర తెచ్చిన సొమ్ము రేకులకు పోయినచో వాయిదా నాటికి దారమూ ఉండదు, అమ్మకమూ ఉండదు. మరమ్మతుకు గృహ మరమ్మతు రుణమునే అడుగుడు.

ఉదాహరణకు, 50,000 రూపాయలకు ఏటా 12 శాతం వడ్డీ అనుకొందము. 24 నెలలైనచో నెలవారీ వాయిదా సుమారు 2,354 రూపాయలు, మొత్తం వడ్డీ సుమారు 6,500. 36 నెలలైనచో వాయిదా 1,661కి తగ్గును గాని, వడ్డీ సుమారు 9,800 అగును. కప్పు నగదు తేదు, పెరడు ఖర్చు తగ్గించును, అల్లిక ఆదాయం మెల్లగా వచ్చును. కనుక నేడు చేతికి వచ్చుచున్న జీతము లేదా కూలి నుండి కట్టగల వాయిదానే ఎంచుకొనుడు. రేపటి అల్లిక రాబడిని ఆ లెక్కలో చేర్చకుడు. అది వచ్చిన నాడు గడువుకు ముందే అసలు తగ్గించుకొనవచ్చును.