బొగ్గు గిరాకీ: ప్రపంచ నివేదిక కన్నా చేతిలోని ఇన్వాయిసు ముఖ్యం

(మా వాణిజ్య విలేఖరి)

గోదావరిఖని: ప్రపంచ ఇంధన విపణిపై ఏటా వెలువడే నివేదికలు బొగ్గు వ్యాపారిని ఒక ఏడు భయపెట్టి, మరుసటి ఏడు ఊరడిస్తున్నవి. పారిస్ కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ ఇంధన సంస్థ 2023 డిసెంబర్ నివేదికలో, ప్రపంచ బొగ్గు వాడకం 2026 నాటికి 2.3 శాతం తగ్గగలదని అంచనా వేసింది. అదే సంస్థ 2024 డిసెంబరులో, ఆ ఏటి వాడకం 877 కోట్ల టన్నులతో కొత్త రికార్డు కాగలదని, 2027 వరకు ఇంచుమించు అదే స్థాయిలో ఉండగలదని తెలిపింది. ఏడాది తిరిగేసరికి తగ్గుదల కాస్తా నిలకడ అయినది.

అంతమాత్రాన నివేదికలు వ్యర్థమని కాదు. అవి లెక్కించేది లోకం మొత్తం వాడకాన్ని. రామగుండం వ్యాపారికి కావలసినది తన ఖాతాదారు ఏ బొగ్గు కొంటాడు, ఎంతకు కొంటాడు, ఎన్నాళ్లు కొంటాడు అన్నది. సింగరేణి బొగ్గు ఓడ ఎక్కే సరుకు కాదు. 2022లో ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ రేవు ధర టన్నుకు 400 డాలర్లు దాటి, 2023 చివరికి 150 డాలర్ల లోపునకు దిగివచ్చింది. ఆ ఒడిదుడుకులు ఇక్కడికి నేరుగా రావు. దిగుమతి బొగ్గు ప్రియమైనప్పుడు దేశీయ వేలంపాటలలో పోటీ పెరగడం, చవకైనప్పుడు రేవులకు దగ్గరి కర్మాగారాలు అటు మొగ్గడం అనే రూపంలో వస్తవి. ఈ ప్రాంతంలో మార్పును చూడదలచిన వారు మూడు చోట్ల చూడవలసి ఉన్నది: బాయిలరు వద్ద, ఇన్వాయిసులో, బజారులో.

బాయిలరు చెప్పే కథ

బొగ్గును వదిలిన ఖాతాదారును రామగుండం ఎప్పుడో చూసింది. బొగ్గును వాయువుగా మార్చి యూరియా తయారుచేసే భారత ఎరువుల సంస్థ కర్మాగారం ఇక్కడ 1980లో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించి, 1999లో మూతబడింది. అదే స్థలంలో రామగుండం ఫెర్టిలైజర్స్ పేరిట కొత్త కర్మాగారం 2021 మార్చిలో ఉత్పత్తికి వచ్చింది. ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా సామర్థ్యం గల ఈ కర్మాగారానికి ముడిసరుకు బొగ్గు కాదు, గొట్టపు మార్గాన వచ్చే సహజవాయువు. బొగ్గు బావుల నడుమ కూర్చున్న కర్మాగారమే బొగ్గును విడిచిపెట్టినది. పాతది మూతబడింది వాతావరణ ఒప్పందాల వల్ల కాదు, గిట్టుబాటు కాక. ఖాతాదారు సిద్ధాంతం కోసం పోడు, లెక్క కుదరక పోతాడు.

విద్యుత్ వైపు లెక్క వేరు. 1971లో ప్రారంభమైన 62.5 మెగావాట్ల రామగుండం-బి కేంద్రం 2024లో విరమించినది. కాని దాని పక్కనే ఎన్.టి.పి.సి. 2,600 మెగావాట్ల పాత కేంద్రానికి తోడు, 800 మెగావాట్ల యూనిట్లు రెండు, 2023లో ఒకటి, 2024లో మరొకటి, జాతికి అంకితమైనవి. అంటే పోయిన గిరాకీకి ఇరవై అయిదు రెట్లకు పైగా సామర్థ్యం వచ్చి చేరినది.

అదే ఎన్.టి.పి.సి. జలాశయంపై 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం 2022 జూలై 1 నుండి పూర్తిగా పనిచేస్తున్నది. దానివల్ల ఏటా 1,65,000 టన్నుల బొగ్గు ఆదా కాగలదని ప్రభుత్వ ప్రకటన. రేకుకు సుమారు 4 వేల టన్నుల చొప్పున ఇది 41 రేకులు. వినడానికి పెద్దగానే ఉన్నది. కాని 2023-24లో సింగరేణి ఉత్పత్తి 7 కోట్ల టన్నులు. దానిలో ఈ ఆదా పావు శాతం కూడా కాదు.

కనుక సౌర విద్యుత్తు రేపే బొగ్గును తోసివేస్తుందనే భయం అక్కరలేదు. అయితే అది బొగ్గు వాడే వేళలను మార్చుతున్నది. పగటిపూట సౌర విద్యుత్తు చవకగా దొరుకుతుంది గనుక థర్మల్ యూనిట్లు తగ్గించి నడపవలసి వస్తున్నది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 నిబంధనలు కనీస లోడును 55 శాతానికి, దశలవారీగా 40 శాతానికి దించగలిగి ఉండాలంటున్నవి. పగలు దిగి, సాయంకాలం లేచే బాయిలరుకు రోజుకొక రకం బొగ్గు పనికిరాదు. గ్రేడు నిలకడగా ఉన్న సరుకుకే విలువ పెరుగుతుంది. రాళ్లు, తేమ, బూడిద ఉన్న సరుకును ఎలాగో సర్దుబాటు చేసే రోజులు తరిగిపోతున్నవని గ్రహించవలెను.

సెస్సు పోయి, జి.ఎస్.టి. పెరిగి

వ్యాపారికి అసలు మార్పు 2025 సెప్టెంబర్ 22న వచ్చింది. ఆనాటి నుండి బొగ్గుపై టన్నుకు 400 రూపాయల పరిహార సెస్సు రద్దయి, జి.ఎస్.టి. 5 శాతం నుండి 18 శాతానికి పెరిగినది. సౌర పలకలు తదితర పునరుత్పాదక పరికరాలపై అదే రోజున 12 నుండి 5 శాతానికి తగ్గినది.

ఈ సెస్సు పుట్టుక గుర్తు చేసుకోదగినది. స్వచ్ఛ ఇంధనం పేరిట 2010లో టన్నుకు 50 రూపాయలతో మొదలై, 2016 నాటికి 400కు చేరి, 2017లో జి.ఎస్.టి. రాకతో రాష్ట్రాల పరిహారానికి మళ్లినది. మంచి బొగ్గయినా, నాసి బొగ్గయినా టన్నుకు అదే 400. అందువల్ల చవక బొగ్గుపై బరువు ఎక్కువగా ఉండేది. ఇప్పుడు పన్ను విలువను బట్టి పడుతున్నది గనుక బరువు మంచి బొగ్గుపైకి మారినది.

లెక్క ఇది. పన్నుకు వచ్చే విలువ టన్నుకు 2,000 రూపాయలయిన బొగ్గుపై లోగడ 100 జి.ఎస్.టి., 400 సెస్సు కలిపి 500 రూపాయలు, ఇప్పుడు 360. అంటే 140 లాభం. విలువ 4,000 అయితే లోగడ 600, ఇప్పుడు 720. అంటే 120 భారం. ఉభయులకు సమానమయ్యే విలువ సుమారు 3,077 రూపాయలు. అంతకు దిగువ సరుకు చవకయినది, ఎగువ సరుకు ప్రియమయినది. అదే గ్రేడుకు కోల్ ఇండియా కన్నా సింగరేణి ధర ఎక్కువ అన్నది కొనుగోలుదారుల పాత ఫిర్యాదు. కనుక ఈ గీటురాయి ఈ ప్రాంతానికి మిక్కిలి ముఖ్యం.

అయితే అందరికీ ఒకే లెక్క వర్తించదు. సెస్సును జి.ఎస్.టి.తో సర్దుకునే వీలు లేదు గనుక సిమెంటు, సెరామిక్ వంటి పరిశ్రమలకు ఆ 400 నికరమైన ఖర్చు. ఇప్పటి 18 శాతాన్ని వారు క్రెడిటుగా తిరిగి తీసుకోగలరు. వారికి ధర ఎంతయినా లాభమే. పెట్టుబడి మాత్రం కొన్నాళ్లు ఎక్కువ ఇరుక్కుంటుంది. విద్యుత్తుపై జి.ఎస్.టి. లేదు గనుక విద్యుత్ కేంద్రాలకు క్రెడిటు రాదు. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న ఇటుక బట్టీలకూ రాదు. ఖాతాదారు ఏ కోవకు చెందినవాడో తెలియక ధర చెప్పిన దళారి బేరం పోగొట్టుకోవడమో, తానే నష్టపోవడమో తప్పదు.

లారీ కిరాయి తిరకాసు

చవక బొగ్గుకు వచ్చిన ఈ అనుకూలత ఎంత దూరం నిలుస్తుందన్నది మరొక ప్రశ్న. పై ఉదాహరణలో 2,000 రూపాయల సరుకు కిలోకు 3,500 కిలో కేలరీలు, 4,000 రూపాయల సరుకు 4,500 కిలో కేలరీలు ఇస్తుందనుకుందాం. క్రెడిటు లేని కొనుగోలుదారుకు పన్ను మార్పు వల్ల ప్రతి పది లక్షల కిలో కేలరీలకు మొదటిది 40 రూపాయలు చవకయినది, రెండవది సుమారు 27 ప్రియమయినది. రెంటికీ మధ్య మారిన తేడా 67 రూపాయలు.

ఇప్పుడు కిరాయి టన్నుకు 1,000 రూపాయలనుకోండి. లారీ బూడిదను కూడా అదే కిరాయికి మోస్తుంది. పది లక్షల కిలో కేలరీలకు మొదటి సరుకుపై 286, రెండవ దానిపై 222 పడుతుంది. తేడా 64. పన్ను ఇచ్చినది దాదాపు అంతా కిరాయి తీసుకుపోయినది. దూరం ఇంకా పెరిగితే పాత లెక్క కన్నా వెనుకబడినట్లే. బావికి దగ్గరి ఖాతాదారుకు చవక గ్రేడు, దూరపు ఖాతాదారుకు మేలు గ్రేడు అన్న పాత సూత్రం ఇంకా చెల్లుతున్నది. టన్ను ధర అడిగి ఊరుకొనక, కాటా చీటీతో పాటు గ్రేడు ఫలితం, కిరాయి రసీదు కలిపి వేడిమి ధర కట్టుకొనడం ఉత్తమం.

బజారు బతికేది టన్నులతో కాదు

చివరగా బట్టల కొట్టు, బంగారం కొట్టు, కిరాణా వర్తకుల మాట. 1990ల ఆరంభంలో సింగరేణిలో లక్షకు పైగా ఉన్న ఉద్యోగులు ఇప్పుడు 40 వేల దరిదాపులకు వచ్చినారు. ఆ కాలంలో ఉత్పత్తి తగ్గలేదు. ఓపెన్ కాస్టులు, భారీ యంత్రాలు వచ్చి ఎన్నో రెట్లు పెరిగినది. అంటే బొగ్గు పెరిగిన కాలంలోనే జీతాలందుకునే ఇళ్లు తగ్గినవి. తక్కువ కర్బనం కోసం మార్పు వచ్చినా రాకున్నా, బజారుకు దెబ్బ ముందే తగిలినది.

దసరా ముందు వచ్చే లాభాల వాటా ఈ బజారుకు పెద్ద పంట. 2024లో ఆ వాటా 33 శాతం చొప్పున 796 కోట్ల రూపాయలుగా ప్రకటించినారు. అప్పుడే తొలిసారిగా కాంట్రాక్టు కార్మికులకు కూడా 5 వేల రూపాయల చొప్పున ఇవ్వడానికి నిర్ణయించినారు. పర్మినెంటు కార్మికునికి లక్షల్లో, కాంట్రాక్టు కార్మికునికి వేలల్లో అందే చోట వర్తకుడు ఎవరికెంత అరువు పెట్టవచ్చునో దీనినిబట్టే తెలుస్తుంది. సౌర కేంద్రం కట్టేటప్పుడు పని ఉంటుంది. కట్టిన తరువాత దానిని కనిపెట్టుకుని ఉండడానికి కొద్దిమంది చాలు. బావి మూతబడిన చోట పలకలు పరచినంత మాత్రాన పాత జీతాల పట్టిక తిరిగి రాదు.

మొత్తం మీద బొగ్గు గిరాకీ సమీప కాలంలో నిలకడ. గ్రేడు నిలకడగా లేని సరుకుకు, దూరపు రవాణాకు మందకొడి. జీతాలపై ఆధారపడిన చిల్లర వ్యాపారానికి జాగ్రత్త అవసరం. ప్రపంచ నివేదికలు తప్పక చదవవలెను. కాని సరుకు కొనేముందు ఇన్వాయిసు మరొకసారి చూడవలెను.